ల్యాబు తలుపు తీయించి చూడండి

డిగ్రీ ఫలితాలు వచ్చిన వారం పది రోజులకే శ్రీకాకుళంలో కొన్ని ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. "మీ అమ్మాయికి యాభై మూడు శాతమేనా? పర్లేదండీ, ఎంఎస్సీ బయోమెడికల్ సైన్స్‌లో సీటు ఇప్పిస్తాం. ఈ రోజే అడ్వాన్సు కడితే ఫీజు తగ్గిస్తాం" అంటాడు అవతలి మనిషి. మార్కులు తక్కువని అప్పటికే బిక్కచచ్చి ఉన్న తల్లిదండ్రులకు ఆ మాట ప్రసాదంలా వినిపిస్తుంది. పాఠాలు ఎవరు చెబుతారు, ల్యాబులో ఏముంది అని అడగడానికి నోరు రాదు. మా అభ్యంతరమల్లా ఈ మొహమాటం మీదే.

తక్కువ మార్కులకు మూసుకుపోయే దారులు జనం అనుకున్నన్ని లేవు. కేంద్రీయ వర్సిటీలకు సీయూఈటీ పీజీ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బి, మన రాష్ట్ర వర్సిటీలకు పీజీసెట్ అనే ఎంట్రన్స్ పరీక్షలున్నాయి. చాలాచోట్ల డిగ్రీ శాతం గుమ్మం దాటడానికే పనికొస్తుంది. ఆ తర్వాత చూసేది ఎంట్రన్స్ ర్యాంకే. గ్యాట్-బి దారిలో చేరినవాళ్లకు స్టైపెండ్ కూడా వస్తుంది. ఫోన్ చేసిన మనిషి ఇది చెప్పడు, అతనికి కమీషన్ రాదు మరి.

టెన్షన్ పడాల్సిన అంకె వేరే ఉంది. పరిశోధనకు, లెక్చరర్ కొలువుకు అర్హత ఇచ్చే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాయాలంటే జనరల్ అభ్యర్థికి ఎంఎస్సీలో 55 శాతం కావాలి. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు. డిగ్రీ మెమో ఇక మారదు, ఎంఎస్సీ మెమో ఇంకా రాయాల్సే ఉంది. అందుకే చేరబోయే కాలేజీకి ఒక్కసారి వెళ్లి, ల్యాబు తలుపు తీయించి చూడండి. డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్ మిషన్ నడుస్తోందా, అట్టపెట్టెలోనే ఉందా? కరెంటు పోతే శాంపిళ్ల ఫ్రిజ్‌కు జనరేటర్ ఉందా? సీనియర్లు ప్రాజెక్టు సొంత చేతులతో చేశారా, డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారా? చివరి ప్రశ్న ప్రిన్సిపాల్‌ను అడిగితే లాభం లేదు. క్యాంటీన్లో సీనియర్లనే అడగాలి.

విదేశాల మాటా చెప్పాలి. అమెరికాలో బయోమెడికల్ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు వర్సిటీయే భరించి స్టైపెండ్ ఇస్తుంది; మాస్టర్స్‌కు ఎక్కువగా మన జేబే. పొలం తాకట్టు పెట్టేముందు ఈ తేడా తెలియాలి. మన మూడేళ్ల డిగ్రీని కొన్ని వర్సిటీలు ఒప్పుకోవు, అదీ ముందే కనుక్కోవాలి.

ఇంతా చెప్పడానికి ఉద్దానం కూడా ఒక కారణం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతంలోని కవిటి, సోంపేట మండలాల్లో తండ్రిని డయాలసిస్‌కు తీసుకెళ్తూ బీఎస్సీ చదివే పిల్లలున్నారు. వాళ్ల మార్కులు తగ్గాయంటే తెలివి తగ్గిందని కాదు. ఆ జబ్బుకు కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఎచ్చెర్ల అంబేద్కర్ వర్సిటీ, దాని అనుబంధ కాలేజీల జీవశాస్త్ర విద్యార్థులకు చివరి సెమిస్టర్ ప్రాజెక్టు అక్కడే చేసే వీలు కల్పించాలి. ఎంపికకు మార్కుల మెమో ఒక్కటే కొలబద్ద కాకూడదు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ఆ రెండు సంస్థలూ కూర్చుని మాట్లాడుకోవాలి.