అయిదో తల

2008లో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతుండగా, మా టేబుల్‌కు శవం తొడ ముందు భాగం కోసే వంతు వచ్చిన రోజున స్కాల్పెల్ నా చేతిలోనే ఉండటం నా గ్రహచారం. అక్కడుండే పెద్ద కండరం క్వాడ్రిసెప్స్ అంటేనే నాలుగు తలలది: పైన రెక్టస్ ఫిమోరిస్, బయటి పక్క వాస్టస్ లేటరాలిస్, లోపలి పక్క మీడియాలిస్, అడుగున ఇంటర్మీడియస్. ఈ నలుగురినీ రాత్రంతా వల్లె వేసి వచ్చిన నాకు, లేటరాలిస్‌కూ ఇంటర్మీడియస్‌కూ నడుమ బొటనవేలంత వెడల్పున అయిదోది కనిపించింది. ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మసకబారాయేమోనని తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాను, అయిదే.

"లేటరాలిస్‌ను నిలువునా చీల్చేశావురా," అని నా పక్కవాడు తీర్పు చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ కండరం కిందికి వచ్చేకొద్దీ ఉల్లిపొరలాంటి తెల్లని పట్టీగా మారి మోకాటివైపు సాగుతుంటే, అదేదో ఫేషియా, అంటే కండరాలను కప్పే పొర, అనుకుని శుభ్రంగా ఒలిచి మా టేబుల్ బకెట్‌లో పడేసి, మిగిలిన ముక్కను లేటరాలిస్ కిందికి నెట్టి, పైన తడి దూది కప్పాను. దొంగలెక్క రాసిన గుమాస్తా కూడా అంత శ్రద్ధగా పని చేసి ఉండడు.

మేడమ్ వచ్చి మొదట ఎత్తింది ఆ దూదినే. నేను నేరం ఒప్పుకున్నాను. ఆవిడ ఫోర్సెప్స్‌తో వెంట్రుకంత తీగను పైకి తీసి, "నువ్వు చీల్చిందే అయితే దీనికి ఫిమోరల్ నరం నుంచి విడిగా కొమ్మ ఎలా వచ్చిందయ్యా? కొందరికి ఇలా అదనంగా ఉంటుంది. సరే, ఇది కింద ఎక్కడ అంటుకుంటుందో చూపించు," అన్నారు. నేను బకెట్‌వైపు చూశాను. ఆవిడా చూశారు.

రికార్డులో మాత్రం నాలుగే గీశాను. పరీక్షకు బయటినుంచి వచ్చే ఎక్స్‌టర్నల్‌తో పేచీ ఎందుకు?

2016లో కార్ల్ గ్రోబ్ బృందం 26 కాళ్లను కోసి పరిశీలించి, ఈ కండరానికి టెన్సర్ ఆఫ్ ద వాస్టస్ ఇంటర్మీడియస్ అని పేరు పెట్టి, అది కొన్ని కాళ్లలో విడిగా, కొన్నింట పక్క కండరాలతో కలిసిపోయి ఉంటుందని ప్రకటించింది. ఆ వ్యాసం చదివిన రాత్రే మేడమ్‌కు మెసేజ్ పెట్టాను: "మోకాటిచిప్ప లోపలి అంచుకు, మేడమ్."

తెల్లవారాక జవాబు వచ్చింది: "బకెట్‌లో దొరికిందా?"