తడి రాయి ఎక్కకండి, ప్లీజ్

చలికాలంలో రాళ్లెక్కడమేంటి, ఇంట్లో వెచ్చగా కూర్చోక అని అడిగే వాళ్లందరికీ ఒకటే చెప్తా, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ చుట్టూ ఉన్న గ్రిట్‌స్టోన్ అనే రాయికి అసలు సీజనే ఇది. 30 కోట్ల ఏళ్లకి పైగా వెనక ఏదో నది తెచ్చి పోసిన ఇసుక గట్టిపడి అయిన రాయి, బాగా గరుకు, కానీ వేళ్లకి దొరికే అంచులు తక్కువ, చాలాచోట్ల గుండ్రటి రాయి మీద అరచెయ్యి పరిచి, షూ గట్టిగా అదిమి, ఆ రాపిడి మీదే భారం వేసి లేవాలి. జూలైలో చెయ్యి చెమట పట్టి సర్రున జారుతుంది. జనవరిలో మూడు నాలుగు డిగ్రీలుండి పొడిగాలి కొడితే మాత్రం అదే చోట చెయ్యి అతుక్కుపోతుంది, ఆ ఆనందం ఎక్కితేనే తెలుస్తుంది!

కానీ పొడిగా ఉంటేనే. మొన్న షెఫీల్డ్ దగ్గరి స్టానేజ్ అనే రాతి కొండ అంచులో ప్లాంటేషన్ అనే చోటికి వెళ్లాం, ఎప్పుడో చెక్కి వదిలేసిన తిరగలి రాళ్లు ఇంకా అక్కడే గడ్డిలో పడుంటాయి. గాలికి ఎదురుగా ఉన్న బండలు చక్కగా ఆరాయి, చెట్ల చాటున ఉన్న ఒకటి మాత్రం నాచు పట్టి, ముందురోజు వానకి నల్లగానే ఉంది. ఒక గ్రూప్ దాన్ని టవల్‌తో తుడిచి, చాక్ (చెయ్యి జారకుండా రాసుకునే తెల్ల పొడి) దట్టించి ఎక్కేస్తోంది, పైగా ఒకతను వైర్ బ్రష్‌తో నాచు గీకుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ రాయికి పైనుండే గట్టి పొరే ప్రాణం, అది లేచిపోతే లోపల ఇసుక రేణువులు రాలుతూనే ఉంటాయి, పైగా తడిస్తే బలం తగ్గుతుంది, చిన్న పట్టు విరిగిందంటే మళ్లీ రాదు. 1949లో జో బ్రౌన్ అనే క్లైంబర్ స్టానేజ్‌లోనే మొదటిసారి ఎక్కిన రైట్ అన్‌కాంకరబుల్ అనే దారిని ఈరోజుకీ అదే పగులు పట్టుకుని ఎక్కగలుగుతున్నామంటే ఇక్కడి వాళ్లు రాతిలో తాడు తగిలించే బోల్టులు కొట్టకుండా కాపాడుకోబట్టే కదా. హైదరాబాద్‌లో మన గ్రానైట్ గుట్టల్ని పేల్చి చదును చేయడం చూస్తూ పెరిగాను నేను, అందుకే ఇంత బాధ.

రాయి మామూలు కంటే ముదురు రంగులో ఉన్నా, కింద మట్టి తడిగా ఉన్నా వదిలేయండి. బ్రష్ మెత్తటిదే వాడండి, దిగాక చాక్ మరకలు తుడిచేయండి. డిసెంబర్, జనవరిల్లో నాలుగున్నర, ఐదింటికల్లా చీకటి పడుతుంది, హెడ్ టార్చ్ మర్చిపోవద్దు. ఎంత దూరం డ్రైవ్ చేసి వచ్చినా సరే, తడిగా ఉంటే షెఫీల్డ్‌లో ఇండోర్ వాల్స్ (భవనాల లోపల ఎక్కడానికి కట్టిన గోడలు) బోలెడున్నాయి, అక్కడికి పోండి.