మగపిల్లలు చదవరా? ముందు బీరువా తాళం తీయండి

మళ్లీ నవంబర్ 14 వచ్చింది, గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యాయి. 20వ తేదీ దాకా వ్యాసరచన పోటీలు, వక్తృత్వ పోటీలు, పెద్దల ప్రసంగాలు. అన్నిటిలోనూ ఒకటే పాట: మగపిల్లలు పుస్తకం ముట్టడం లేదు, సెల్‌ఫోన్ వదలడం లేదు. ఆ పాట పాడుతున్న చాలా బడుల్లో పుస్తకాల బీరువాకు తాళం వేసే ఉంటుంది.

ఫోన్ తప్పేమీ లేదని మేం అనం. చదవడంలో బాలురు వెనకబడటం మన దగ్గర మాత్రమే ఉన్నదీ కాదు, పదిహేనేళ్ల పిల్లలకు అంతర్జాతీయంగా పెట్టే పీసా పరీక్షలో 2022లో ఓఈసీడీ దేశాల (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) బాలికలు చదవడంలో సగటున 24 పాయింట్లు ముందున్నారు. సరే, మరి మనం చేస్తున్నదేమిటి? టైంటేబుల్లో లైబ్రరీ పీరియడ్ అని రాసుకుని అందులో లెక్కలు చెబుతాం. పుస్తకం పోతే డబ్బు తమ జేబులోంచి కట్టాల్సి వస్తుందని హెడ్మాస్టర్లకు భయం, అందుకే స్టాకు రిజిస్టరు భద్రం, పుస్తకాలూ భద్రం, పిల్లాడి చేతికి మాత్రం ఏదీ రాదు. ఇచ్చినా నీతికథలో, మహనీయుల జీవితచరిత్రలో ఇస్తారు, పైగా చదివాక సారాంశం రాసి చూపించాలట! క్రికెట్, దెయ్యాలు, బైకులు, జోకులు చదివితే అది చదువు కిందికి రాదు. ఇక ప్రైవేటు హాస్టళ్లలోనైతే పెట్టె తనిఖీలో కథల పుస్తకం దొరికితే లాక్కుంటారు, ఫీజు కట్టిన తండ్రి కూడా 'మంచి పని చేశారు సార్' అంటాడు. అదే తండ్రి సాయంత్రం ఇంట్లో ఫోన్ చూసుకుంటూ, మావాడు పేపర్ కూడా చదవడని మనకే చెబుతాడు.

ప్రభుత్వాల తీరూ ఇంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో 'చదవడం మాకిష్టం' అన్నారు, తెలంగాణలో 2022లో వంద రోజుల పఠనోద్యమం అన్నారు, ఇప్పుడు వాటి ఊసెత్తేవాళ్లు ఎవరు? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మన దగ్గర వసూలవుతూనే ఉంది, దాన్ని ప్రభుత్వ గ్రంథాలయాలు నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయడానికి మాత్రం మున్సిపాలిటీలకు చేతులు రావు. డబ్బు ఆపేది పెద్దలు, తాళం వేసేది పెద్దలు, తిట్లు తినేది ఏడో తరగతి కుర్రాడు.

విద్యాశాఖ ఈ వారం ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు: పిల్లలు చదివి చింపినా, పోగొట్టినా ఆ ఖరీదు ఏ టీచరు దగ్గరా వసూలు చేయబోమని. అదీ చేతకాకపోతే దయచేసి వేదికలెక్కి మగపిల్లలకు బుద్ధులు చెప్పకండి.