నాలుక పక్కన మానని పుండును ‘వేడి’ అని వదిలేయకండి

“నాలుక చూస్తే ఒంట్లో రోగాలన్నీ తెలుస్తాయి” అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూలు గ్రూపు, కొండకు నడిచేవాళ్ల గ్రూపు, అన్నిట్లోనూ అదే. వరసగా నాలుకల బొమ్మలు, ఒక్కోదాని కింద ఒక్కో రోగం, చివర్లో “అందరికీ పంపండి”. తిరుపతిలో పళ్ల డాక్టర్‌గా రోజూ నాలుకలు చూసేవాణ్ని కాబట్టి చెప్తున్నాను.

తెల్ల పూత కడుపులో విషాలకు గుర్తట. ఏకాదశి ఉపవాసం ఉన్నా, జ్వరం వచ్చినా, అలిపిరి మెట్లు నోటితో గాలి పీలుస్తూ ఎక్కినా నాలుక ఎండి తెల్లగా అవుతుంది. అది చనిపోయిన కణాలు, బ్యాక్టీరియా, తిండి తుక్కు. బద్దతో గీసుకుంటే పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు, ఆస్తమా స్టెరాయిడ్ పీల్చేవాళ్లకు పెరుగు తరకల్లా పడితే మాత్రం ఫంగస్ కావచ్చు, చూపించుకోండి.

నాలుక మధ్యలో గీతలుంటే కిడ్నీ పాడైందట! ఇది రాసినాయన ఒక్క కిడ్నీ రోగి నాలుకైనా చూశాడా? గీతలు చాలామందికి ఉంటాయి, వయసుతో పెరుగుతాయి. కిడ్నీ సంగతి తెలియాలంటే రక్తపరీక్షలో క్రియాటినిన్ చూస్తారు. నల్ల నాలుకకు ఐరన్ టానిక్, సిగరెట్, యాంటీబయాటిక్ లాంటి కారణాలుంటాయి, నేరేడు పండ్ల కాలంలో అదీ అక్కర్లేదు. చెంచాకు ఉమ్మి రాసి వాసన చూసి షుగర్ కనిపెట్టొచ్చని అదే మెసేజ్‌లో రాసిన పరీక్షకు జవాబు కూడా అనవసరం.

ఒక్కటి మాత్రం ఆ మెసేజ్‌లో నిజమే ఉంది. నాలుక మీది బుడిపెలు పోయి, ఎర్రగా నున్నగా మెరుస్తూ మంట పుడుతుంటే బీ12 గానీ ఐరన్ గానీ తగ్గి ఉండొచ్చు. మాంసం, గుడ్లు ముట్టనివాళ్లు, షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకునేవాళ్లు రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఇక అసలు సంగతి. అదే మెసేజ్‌లో ఇలా రాశారు: “నాలుక పక్కన నొప్పి లేని పుండు ఒంటి వేడి, భయం లేదు. పసుపు, తేనె 40 రోజులు రాయండి. డాక్టర్ దగ్గరికి పోతే ముక్క కోస్తారు, రోగం ముదురుతుంది.” ఇంత ప్రమాదకరమైన మాట నా దగ్గర ఎవరన్నా సహించను. నొప్పి లేకపోవడమే మమ్మల్ని భయపెట్టే లక్షణం. మామూలు నోటిపూత కారం తగిలితే భగ్గుమంటుంది, వారం పది రోజుల్లో మానుతుంది. నాలుక క్యాన్సర్ మొదట్లో నొప్పి పుట్టకపోవచ్చు. అది ఎక్కువగా మొదలయ్యేది దవడ పళ్లు తగిలే అంచున, అద్దం ముందు నాలుక చాపినా ఆ చోటు సరిగ్గా కనపడదు.

మేం గాజుగుడ్డతో నాలుక కొస పట్టుకుని పక్కకు లాగి వెనక దాకా చూస్తాం. తర్వాత పుండు చుట్టూ వేలితో నొక్కుతాం. మెత్తగా ఉందా, అడుగున గట్టిగా తగులుతోందా అన్నది ముఖ్యం. విరిగిన పన్ను గుచ్చుకుంటుంటే దాని అంచు అరగదీస్తాం. అయినా రెండు వారాల్లో మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది పచ్చి అబద్ధం. తేనె రాస్తూ కూర్చున్న ఆ 40 రోజుల్లోనే అది ముదిరేది. చిన్నగా ఉన్నప్పుడు చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది, మెడ బిళ్లలకు పాకితే బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది.

“పొగాకు ముట్టను సార్, వట్టి వక్కాకే” అంటారు మా వైపు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే పొగాకు కలపని వక్కను కూడా క్యాన్సర్ కారకాల్లో చేర్చింది.

మానని పుండు గానీ, గీసినా పోని తెల్ల మచ్చ గానీ, ఎర్ర మచ్చ గానీ ఉంటే తిరుపతిలో రుయా ఆసుపత్రి ఈఎన్‌టీ ఓపీకో, స్విమ్స్ ఆసుపత్రికో, దగ్గర్లోని పళ్ల డాక్టర్ దగ్గరికో ఈ వారమే వెళ్లండి. చిత్తూరు వాళ్లకు జిల్లా ఆసుపత్రి ఉంది.