అనంతపురం ఇంటి ముందు గోదావరి తోట నిలవదు

అనంతపురం చుట్టుపక్కల వేస్తున్న వెంచర్ల బ్రోషర్లు ఏవి తీసుకున్నా దాదాపు ఒకే బొమ్మ ఉంటుంది. డూప్లెక్స్ ఇల్లు, ముందు పచ్చటి లాన్, గోడ పొడవునా అరేకా పామ్‌లు. ఇల్లు పూర్తయ్యాక చాలామంది అదే బొమ్మ ఫోన్‌లో చూపించి కాంట్రాక్టరుకు పని అప్పజెప్తారు. డిసెంబరు, జనవరి వరకు అంతా బాగుంటుంది. మార్చి దాటాక పామ్ ఆకుల కొసలు మాడతాయి, గడ్డి మధ్యలో గోధుమరంగు మచ్చలు లేస్తాయి, ట్యాంకర్లు మొదలవుతాయి. తప్పంతా నీళ్లు పెట్టే మనిషి మీదికి పోతుంది.

కానీ ఆ బొమ్మే ఈ ఊరిది కాదు. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. గోదావరి జిల్లాల్లో దానికి రెట్టింపు పడుతుంది, గాల్లో తేమ కూడా ఎక్కువ. అక్కడ తోటపని అంటే ఎక్కువైన నీటిని బయటికి పంపడం, కొమ్మలు కత్తిరించి గాలి ఆడేలా చూడడం, బూజు తెగుళ్లు రాకుండా కాపాడడం, కలుపుతో పోరాడడం. ఇక్కడ తోటపని అంటే ఉన్న నీటిని మట్టిలోనే నిలబెట్టడం. రెండింటికీ కావలసిన చేతులు వేరు. మన ఊళ్లలో పెరటి పనికి మనిషిని పెట్టుకునేటప్పుడు ఈ తేడానే మనం పట్టించుకోవడం లేదు.

లాన్ లెక్క ఒకసారి వేసి చూద్దాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. మండే వేసవిలో పచ్చిక నుంచి రోజుకు ఆరు మిల్లీమీటర్ల దాకా ఆవిరైపోతుంది. వంద గజాల లాన్ అంటే 84 చదరపు మీటర్లు, అంటే రోజుకు 500 లీటర్లు. ముప్పై బిందెలకు పైనే. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది తాగునీటి సరఫరాకు పెట్టుకున్న ప్రమాణం. దాని ప్రకారం ఆ గడ్డి ఒక్కటే దగ్గరదగ్గర నలుగురి నీళ్లు తాగుతోంది. వెయ్యి అడుగుల దాకా బోరు వేసినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేని జిల్లాలో ఇది నాకు మింగుడుపడని విషయం.

పైగా చాలా బోర్లలో వచ్చేది ఉప్పు నీళ్లు. వాటిని రోజూ పైపైన చల్లితే తేమ ఆరిపోయి ఉప్పు పైపొరలోనే మిగులుతుంది. వేర్లు కిందికి దిగవు. కొన్నాళ్లకు మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. నాలుగైదు రోజులకోసారి నిండుగా, లోపలికి దిగేలా పెడితే ఉప్పు కిందికి జారుతుంది, వేరు కూడా నీటి వెంట కిందికి పోతుంది. గేటు దాటగానే "సార్, మీది బోరు నీళ్లా, మున్సిపల్ నీళ్లా?" అని అడిగే మాలి దొరికితే వదులుకోవద్దు. పని తెలిసినవాడు ముందు అడిగేది అదే.

మొక్కల సంగతి కూడా ఇలాంటిదే. తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల పనితనం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు, రాష్ట్రమంతటికీ మొక్కలు అక్కడినుంచే వస్తాయి. ఐతే ఆ మొక్క అక్కడి తేమగాలిలో పెరిగింది, వేర్ల చుట్టూ అక్కడి జిగురు మట్టి ముద్దతో లారీ ఎక్కింది. దాన్ని కవరు తీసి అలాగే మన ఎర్రనేలలో పాతేస్తే ఏమవుతుందో చూడండి. నీళ్లు పోసినప్పుడు చుట్టూ ఉన్న ఎర్రమట్టి గబగబా పీల్చుకుంటుంది, మధ్యలో ముద్ద మాత్రం ఎండి గట్టిపడుతుంది. పైన తడిగానే కనిపిస్తుంది, లోపల మొక్క దాహంతో చస్తుంటుంది. పని తెలిసినవాడు ముద్దను ముందు నీళ్లలో బాగా నానబెడతాడు, అంచులు మెల్లగా విడదీస్తాడు, గుంతలో పశువుల ఎరువు, చెరువుమట్టి కలిపి అప్పుడు నాటుతాడు. పది నిమిషాల పని. మొక్క బతకడం, చావడం చాలావరకు ఆ పది నిమిషాల్లోనే తేలిపోతుంది.

నాటే కాలం కూడా చూసుకోవాలి. జూన్‌లో తొలకరి పడగానే నాటేయడం కోస్తాలో చెల్లుతుంది. అనంతపురం పడమటి కనుమల వాననీడలో ఉంది. ఆషాఢంలో ఇక్కడ మబ్బు కంటే గాలి ఎక్కువ, లేత మొక్కను ఆ గాలే ఆర్చేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో పడే వానలే మనకు ఆధారం. నాటాల్సింది అప్పుడే.

ఆ రెండు మూడు నెలలు మాత్రం మన పెరడు కూడా తేమ ప్రాంతపు పెరడులాగే ప్రవర్తిస్తుంది. కడప జిల్లాలో 2021 నవంబరు వానలకు అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగిపోయింది, వాన ఒక్కసారిగా పడితే ఎలా ఉంటుందో అందరం చూశాం. కర్నూలు, తాడిపత్రి వైపు నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేర్లు కుళ్లిపోతాయి, అదే నేల ఏప్రిల్‌లో నెర్రెలు విచ్చి వేర్లను తెంపుతుంది. అక్కడ మొక్కను కొంచెం ఎత్తు కట్ట మీద పెట్టాలి. ఆకుల మీద బూజు కనిపిస్తే ఒక శాతం బోర్డో మిశ్రమం చాలు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. చీనీ (బత్తాయి) తోట చేసిన ఏ రైతును అడిగినా కలిపే పద్ధతి చెబుతాడు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఆ చీనీ రైతు గురించే. ఈ జిల్లాలో ఎండలో చెట్టును బతికించే విద్య ఇళ్లలోనే ఉంది. 2003 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు మొదలయ్యాక డ్రిప్పును బాగా అందిపుచ్చుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఏ చెట్టుకు ఎన్ని డ్రిప్పర్లు, పాదు ఎంత వెడల్పు, గొట్టంలో ఉప్పు పేరుకుంటే ఎలా కడగాలి, ఇవన్నీ ఆ చేతులకు తెలుసు. బోర్లు ఎండిపోయి, పెంచిన చెట్లను తామే నరుక్కుని, బెంగళూరులో ఎవరి గేటు దగ్గరో కూలికి నిలబడినవాళ్లు వాళ్లలో ఎందరో. వాళ్లను పక్కన పెట్టి, ఆ బెంగళూరు నుంచే డిజైన్లు తెచ్చుకోవడం బాధగా ఉంటుంది. బెంగళూరు మూడువేల అడుగుల ఎత్తులో ఉంది, వాన కూడా మనకంటే చాలా ఎక్కువ. అక్కడ బతికిన తోట ఇక్కడ బతకాలని ఏమీ లేదు.

పని ఇచ్చేముందు ఫోటోలు చూడడం కంటే, ఆ మనిషి రెండేళ్ల కిందట వేసిన తోటకు మే నెలలో వెళ్లి చూడడం మేలు. కాంట్రాక్టరైతే మొక్కల డబ్బు, పని డబ్బు వేరువేరుగా కాగితం మీద రాయించుకోవాలి. కొంత భాగం మొదటి వేసవి దాటాక ఇస్తామని ముందే చెప్పాలి. రోజుకూలి మాలి విషయంలో మాత్రం ఇలా డబ్బు ఆపడం అన్యాయం. అతనికి నెల జీతం మాట్లాడుకుని పన్నెండు నెలలూ ఇవ్వాలి. వేసవిలో గడ్డి కోసే పని ఉండదు కదా అని రెండు నెలలు మానిపించే ఇళ్లు ఉన్నాయి. తోటకు మాలి అవసరం ఎక్కువగా ఉండేది ఆ రెండు నెలల్లోనే.

వేరుశనగ జిల్లా కాబట్టి మల్చింగుకు, అంటే పాదులో మట్టిని కప్పడానికి, శెనక్కాయల పొట్టు మిల్లుల దగ్గర దొరుకుతుంది. పాదులో మూడు వేళ్ల మందం పరిస్తే తేమ చాలాసేపు నిలుస్తుంది. చెదలు పట్టకుండా కాండానికి జానెడు దూరం వదలాలి. వానలు బాగా పడే రోజుల్లో కొంచెం పక్కకు లాగితే సరిపోతుంది.

ఏం నాటాలన్నది పెద్ద చిక్కు కాదు. వేప, కానుగ, పొగడ, దేవగన్నేరు, కాగితపు పూలు, నూరువరహాలు, మల్లె, కరివేపాకు, దానిమ్మ, సీతాఫలం. పిల్లలు ఆడుకోవడానికి పచ్చిక కావాలంటే ఒక మూల గరిక చాలు. ఎండకు పైన ఎర్రబడ్డా, వాన పడగానే మళ్లీ లేస్తుంది. గోడ వెంట కోనోకార్పస్ చెట్లు మాత్రం వద్దు. గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

ఇంటి చుట్టూ అంగుళం మట్టి వదలకుండా కడప బండలు పరిచే అలవాటు కూడా మారాలి. పగలంతా కాగిన బండ రాత్రి వేడి కక్కుతుంది, పడిన వాన వీధి కాలువలోకి పోతుంది. 120 గజాల డాబా మీద ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అది 55 వేల లీటర్లు. దాన్ని చెట్ల పాదుల వైపు, ఇంకుడు గుంతలోకి మళ్లించడానికి ఒక పైపు, కాస్త వాలు చాలు.

మున్సిపల్ పార్కులు, డివైడర్ల పనుల్లోనూ ఇదే తీరు. నాటిన మొక్కల లెక్క మీద బిల్లులు చెల్లిస్తే, వేసవి దాటాక బతికినవెన్ని అన్నది ఎవరికీ పట్టదు. టెండరు పిలిచేటప్పుడే రెండు వేసవులు గడిచాక బతికి ఉన్న మొక్కల మీద చివరి బిల్లు అని షరతు పెట్టాలి. పెడితే, చీనీ తోటల్లో పని నేర్చిన మనుషులను వెతుక్కుంటూ కాంట్రాక్టర్లే వెళ్తారు.