ప్రతినాయకుడికి క్షమాపణ బాకీ

1989లో విడుదలై, ‘ప్రేమ పావురాలు’ పేరుతో తెలుగులోకి కూడా ఎగిరివచ్చిన ‘మైనే ప్యార్ కియా’ చిత్రంలో మొహ్నీష్ బెహల్ ధరించిన ప్రతినాయక పాత్ర ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదిస్తుంది. ఆడపిల్లా మగపిల్లాడూ ఎన్నటికీ స్నేహితులుగా ఉండలేరన్నది దాని సారాంశం. ఎంత సంకుచితమైన బుద్ధి, ఎంత పాడు ఆలోచన అని మనమందరం ఆ దుర్మార్గుణ్ణి తిట్టుకున్నాం. అటుపైన, ‘ఫ్రెండ్’ అని రాసిన టోపీ సాక్షిగా స్నేహం చేసిన నాయికానాయకులు ప్రేమించుకుని, నానా కష్టాలూ పడి, పెద్దల్ని ఒప్పించి ఒకటైతే తృప్తిగా నిట్టూర్చి ఇంటికి వచ్చాం. ఆ దుర్మార్గుడు చెప్పినదే పొల్లుపోకుండా జరిగిందన్న సంగతి మనలో ఒక్కరికీ తట్టలేదు.

చెప్పినవాడు దుష్టుడైనంత మాత్రాన చెప్పిన మాట అబద్ధం కానక్కర లేదు. హిందీ చిత్రసీమ పైకి ఆ మాటను ఖండిస్తూనే, స్నేహంలో మొదలై ప్రేమలో తేలే కథలను ఏళ్ల తరబడి నిర్మించి, ఆ ప్రతినాయకుడి పక్షాన సాక్ష్యాలను ఓపికగా పోగుచేస్తూ వచ్చింది. 1998లో ‘కుఛ్ కుఛ్ హోతా హై’ ప్రేమంటే స్నేహమేనని తరగతి గదిలో నిలబడి నిర్వచించింది. కాకపోతే ఆ నిర్వచనం అమలులోకి రావడానికి స్నేహితురాలు జుట్టు పెంచుకుని చీర కట్టుకోవలసి వచ్చింది. అయితే ఈ సాక్ష్యాలన్నింటిలోనూ బలమైనది, అందమైనది, అందుచేతనే మిక్కిలి ప్రమాదకరమైనది 2008 జులై 4న విడుదలైన ‘జానే తూ... యా జానే నా’ అని నా నిశ్చితాభిప్రాయం. ‘మున్నాభాయ్ ఎం.బి.బి.ఎస్.’ చిత్రానికి మాటలు రాసిన అబ్బాస్ టైర్‌వాలా దర్శకుడిగా తీసిన మొదటి చిత్రమిది. ఆమిర్ ఖాన్ తన మేనల్లుడు ఇమ్రాన్‌ను నాయకుడిగా పరిచయం చేస్తూ నిర్మించాడు. సంగీతం ఏ.ఆర్. రెహమాన్‌ది. నాయిక జెనీలియా కావడం వల్ల ఈ వ్యవహారంలో మనకు కూడా కొంత వాటా ఉంది. ‘బొమ్మరిల్లు’ హాసినిగా తెలుగు ఇళ్లలో ఆమె అప్పటికే ఆడపడుచు హోదా సంపాదించుకుంది. కొద్ది రోజుల ముందే ‘రెడీ’లో కూడా కనిపించింది. అంచేత మన పిల్ల ముంబై వెళ్లి ఎవరితో స్నేహం చేస్తోందో, అది ఎందాకా వెళుతుందో కనుక్కునే హక్కు మనకు ఉందనే భావిస్తూ ఈ విచారణ చేపడుతున్నాను.

కథ సులువైనది. జై సింగ్ రాథోడ్, అదితి అనే ఇద్దరు ప్రాణస్నేహితులు ముంబైలో చదువు ముగించుకుంటారు. మిత్రబృందంలో వీడి ముద్దుపేరు ఎలుక, దాని ముద్దుపేరు పిల్లి. వీళ్లు ప్రేమికులేనని లోకమంతటికీ తెలుసు. మిత్రులకు తెలుసు, ఇరువైపుల పెద్దలకు తెలుసు, టికెట్టు కొనుక్కున్న మనకు మొదటి పాటలోనే తెలుసు. పెద్దలు పిలిచి కూర్చోబెట్టి పెళ్లి మాట ఎత్తితే ఇద్దరూ కడుపుబ్బ నవ్వుతారు, మేము స్నేహితులం మాత్రమే అంటారు. ఇరుపక్షాల పెద్దలూ సిద్ధంగా ఉండి, కులం అడ్డురాక, డబ్బు అడ్డురాక, తాళి కట్టడమే తరువాయిగా ఉన్న ఒక సంబంధాన్ని రెండున్నర గంటలు సాగదీయాలంటే దర్శకుడికి ఎంత గుండెధైర్యం కావాలో ఊహించండి. మామూలు ప్రేమకథల్లో తండ్రులు అడ్డుపడతారు. ఇక్కడ పెద్దలు తలుపులు బార్లా తెరిచి పిలుస్తున్నా పిల్లలు గుమ్మం ఎక్కరు.

ఈ కథ తెలుగు ఇంట్లో జరిగే అవకాశమే లేదని ఇక్కడ మనవి చేయాలి. మన దగ్గర వరస తేలనిదే మంచినీళ్లు కూడా అందవు. అదితి మొదటిసారి జైని వెంటబెట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టగానే, వసారాలో కూర్చున్న అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని, “ఎవరబ్బాయే, మనకేమవుతాడు?” అని అడిగి ఉండేది. ఆ పిల్ల తడబడిన ఆ అరక్షణంలోనే పెద్దావిడకు సంగతి బోధపడేది. ఆ సాయంత్రానికి జాతకాలు, మర్నాటికి ముహూర్తం, మొదటి రీలు పూర్తయ్యేలోగా శుభం కార్డు పడి ఉండేవి. అమ్మమ్మ లేని ఇంట్లోనే ఇలాంటి సినిమాలకు చోటు దొరుకుతుంది.

సరే, వాళ్లిద్దరూ ప్రేమ లేదన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. లేని ప్రేమను నిరూపించడానికి ఒకరికొకరు జంటలను వెతికిపెట్టే బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు. దాంతో ఈ వ్యవహారంలోకి ఏ పాపమూ తెలియని మేఘన వస్తుంది. ఆమె తల్లిదండ్రులు ఇంట్లో అనుక్షణం కత్తులు నూరుకుంటూ ఉంటారు. ఆ రణరంగంలో పెరిగిన పిల్ల, ఎదుట కనిపించే ప్రతి వస్తువునూ చూపించి ఇది ఏమిటి అని అడిగి, అది మరింకేదో అయినట్టు ఊహించుకునే ఆట ఒకటి కనిపెట్టుకుని, దాని చాటున తల దాచుకుంటుంది. జై ఆమెతో తిరుగుతాడు. అది చూసిన అదితికి కడుపు రగులుతుంది. రగిలిందని ఒప్పుకోవడం స్నేహధర్మం కాదు కాబట్టి, ఇంట్లో వాళ్లు చూపించిన సుశాంత్‌తో పెళ్లికి తలూపుతుంది. అది చూసిన జైకి ఈసారి కడుపు రగులుతుంది. ఈ శాస్త్రంలో మంటను మంటతోనే కొలుస్తారు. నీకు ఆ మనిషి అంటే ప్రేమో కాదో తెలియాలంటే, ఆ మనిషిని మరొకరి పక్కన నిలబెట్టి, నీకు నిద్ర పడుతుందో లేదో చూడాలి. పట్టకపోతే ప్రేమ. ఈ పరీక్ష నడపడానికి ముడిసరుకుగా ఇద్దరు బతికున్న మనుషులు కావాలి. పరీక్ష ముగిశాక వాళ్ల సంగతి ఎవరు చూసుకుంటారన్నది పాఠ్యప్రణాళికలో లేదు.

మేఘనతో విడిపోయే ముందు జై ఆమెకు నిజాన్ని ఎదుర్కొని బతకాలని హితవు చెబుతాడు. తన మనసులో ఎవరున్నారో తనకే తెలియక, ఆ సంగతి చెప్పడానికి మిగతా ఊరంతా ఎదురుచూస్తున్న ఒక యువకుడు, కళ్లు తెరిచి వాస్తవాన్ని చూడమని ఇంకొకరికి బోధించడం మన సినిమాల్లోని గొప్ప నీతిబోధల సరసన నిలవదగినది. ఆ పిల్ల స్థానంలో ఉంటే నేనైతే ఇది ఏమిటి అని అతణ్ణే చూపించి అడిగి ఉండేవాణ్ణి.

ఇక ఈ చిత్రానికి హృదయస్థానమైన మూడు షరతుల విషయానికి వద్దాం. జై తల్లి సావిత్రి కొడుకును అహింసావాదిగా, చెయ్యెత్తని సాధువుగా పెంచుకొస్తుంది. గోడమీద పటంలోంచే మాట్లాడే ఆమె దివంగత భర్త మాత్రం, రంఝోర్ రాథోడ్ వంశంలో పుట్టినవాడు మగాడనిపించుకోవాలంటే ఒకణ్ణి చితకబాదాలి, జైలుకు వెళ్లాలి, గుర్రం ఎక్కాలి అని తేల్చి చెబుతూ, భార్యను ఉడికిస్తూ ఉంటాడు. మొదట్లో ఇది హాస్యం. మీసాల వంశాలను వెక్కిరించే తెలివైన హాస్యం. సమస్య ఏమిటంటే, వెక్కిరించిన ఆ మూడు షరతులనే చిత్రం చివరకు ఒకటొకటిగా, గుమాస్తా ఫైల్లో కాగితాలు సరిచూసినంత శ్రద్ధగా పూర్తిచేయిస్తుంది. అదితి ముఖం మీద సుశాంత్ కొట్టిన దెబ్బ కనిపిస్తుంది. జై వెళ్లి అతణ్ణి చితకబాదుతాడు. ఒక షరతు తీరింది. ఇక్కడ నేను వ్యంగ్యాన్ని ఒక్క నిమిషం పక్కన పెట్టాలి. ఆ దెబ్బ తిన్నది అదితి. ఆ దెబ్బతో ఏం చేయాలో, ఎక్కడికి వెళ్లాలో, ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తేల్చుకోవలసింది ఆమె. కథ మాత్రం ఆ కమిలిన చెంపను జై మగతనం పరీక్షకు హాల్‌టికెట్టుగా వాడుకుంది. ఇన్నాళ్లుగా అహింస నేర్పిన తల్లి శ్రమ అంతా గోడమీది మీసం ముందు ఓడిపోయింది. అహింసకు సెలవు ఇస్తేనే ప్రేమ పండుతుందని ఇంత నవ్వుతూ, ఇంత మంచి పాటల మధ్య చెప్పగలగడం మామూలు నేర్పు కాదు.

జైలూ, గుర్రమూ మిగిలాయి. జైలు సులభంగానే దొరికింది; ముంబై పోలీసులు ఆ విషయంలో ఉదారులు. గుర్రం కూడా దొరికింది, ఎందుకంటే అదితి పై చదువుల కోసం అమెరికా విమానం ఎక్కబోతోంది. హిందీ ప్రేమికులకు మనసులో మాట విమానాశ్రయంలో తప్ప మరెక్కడా నోటికి రాకపోవడానికి కారణం ఏమై ఉంటుందని చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను. ఏళ్ల తరబడి పక్కపక్కన నడిచిన సముద్రతీరంలో, కలిసి తిన్న హోటల్లో, ఫోనులో, కాగితం మీద చెప్పలేని మాట, బోర్డింగ్ పాస్ చేతికి రాగానే గొంతులో కదులుతుంది. జై ముంబై వీధుల్లో గుర్రం మీద దౌడు తీసి, విమానాశ్రయంలోకి దూసుకుపోయి, భద్రతా సిబ్బంది తుపాకులతో వెంటపడుతుండగా పాట పాడి ప్రేమను ప్రకటిస్తాడు. ఆ రోజు ఎన్ని విమానాలు ఆలస్యమయ్యాయో, వాటిలో ఎందరు అర్జీదారులు, ఎందరు రోగులు, ఎందరు పెళ్లివారు ఉన్నారో రెహమాన్ సంగీతం మనకు వినిపించనివ్వదు. మూడు షరతులూ తీరాయి కాబట్టి స్నేహితుడు భర్త పదవికి అర్హుడయ్యాడు. స్నేహితుడుగా ఉండడానికి మాత్రం ఏ షరతూ అడ్డు రాలేదు. ఇన్నాళ్లూ చెంపదెబ్బలు లేకుండా, కటకటాలు లేకుండా, జంతువుల సాయం లేకుండా ఆ పదవిని అతడు చక్కగానే నిర్వహించాడు.

చిత్రం బాగా లేదని నేను అనడం లేదు. అదే నా ఫిర్యాదు. మిత్రులు ఒకరినొకరు ఏడిపించుకునే సన్నివేశాల్లో ఆ వయసు పిల్లలు నిజంగానే మాట్లాడుకున్నట్టు ఉంటుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, ఎవరూ కెమెరా వైపు చూసి కన్నీరు పెట్టరు. అదితి సోదరుడిగా ప్రతీక్ బబ్బర్, ఇంట్లో ఒక మూల బొమ్మలు వేసుకుంటూ, అందరికన్నా తక్కువ మాట్లాడి అందరికన్నా ఎక్కువ చూసే మనిషిగా గుర్తుండిపోతాడు. ఇమ్రాన్‌కు నటన కంటే మంచితనం ఎక్కువ. ఆ పాత్రకు అదే సరిపోయింది.

అయితే ఈ చిత్రంలో నిజమైన స్నేహితులు జై, అదితి కారు. సావిత్రీ, గోడమీది పటమూను. ఆ పాత్రలు వేసిన రత్నా పాఠక్ షా, నసీరుద్దీన్ షా నిజజీవితంలోనూ భార్యాభర్తలు. ఆమె అతణ్ణి తిడుతుంది, అతడు పటంలోనే కూర్చుని మీసం మెలేస్తూ ఎదురు చెబుతాడు. కొడుకు ఎలా పెరగాలన్న వాదంలో మృత్యువు కూడా వాళ్లకు అడ్డు రాలేదు. ప్రేమా, పెళ్లీ, వైధవ్యమూ అన్నీ దాటి వచ్చాక మిగిలినది ఏమిటో ఆ ఇద్దరి మధ్య కనిపిస్తుంది. స్నేహం నుంచి ప్రేమకు వెళ్లే బస్సులే నడుపుతున్నామని చెప్పుకునే చిత్రసీమ, ప్రేమ నుంచి స్నేహానికి తిరిగివచ్చే ఈ బస్సును చూసుకోకుండానే నడిపేసింది. వాళ్ల మీద పూర్తి సినిమా తీస్తే నేను మళ్లీ టికెట్టు కొంటాను.

ఇంతకూ, ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. తెరమీద ఎవరైనా సిగరెట్టు వెలిగిస్తే అడుగున హెచ్చరిక వేయిస్తున్నారు కదా. అదే విధంగా ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ స్నేహితులుగా కనిపించిన ప్రతి దృశ్యం కిందా, “ఈ స్నేహం తాత్కాలికం, పతాక సన్నివేశంలో రద్దవుతుంది” అని చిన్న అక్షరాల్లో వేయించాలి. దానివల్ల ప్రేక్షకులకు మోసపోయామన్న బాధ ఉండదు, మొహ్నీష్ బెహల్ పాత్రకు ఆలస్యంగానైనా న్యాయం జరుగుతుంది.

మేఘన గురించి బెంగపడేవారికి ఒక శుభవార్త ఉంది. ఆ పాత్ర వేసిన మంజరి ఫడ్నిస్ అదే 2008లో అల్లరి నరేష్ సరసన ‘సిద్ధు ఫ్రమ్ సీకాకుళం’లో నాయికగా కనిపించింది. ముంబై ఇతరుల అసూయను కొలవడానికి వాడుకుని వదిలేసిన పిల్లను సీకాకుళం పూర్తిస్థాయి కథానాయికగా ఆదరించింది.