తెరచాప ఓడల నవల గారికి ఫిర్యాదు

శ్రీ తెరచాప ఓడల సాహస నవల గారికి విశాఖపట్నం నుంచి మీ పాఠకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీరు ఎప్పటిలాగే తుఫానులో ఉండి ఉంటారు.

ముందు ఆ తాళ్ళ సంగతి తేల్చండి. మీ ఓడలో ఏ తాడునీ తాడు అనరు. ఒక్కోదానికి ఒక్కో పేరు. గాలి మళ్ళగానే బోసన్ (తాళ్ళూ తెరచాపలూ చూసుకునే మేస్త్రీ) ఏదో అరుస్తాడు, వందమంది ఏదో లాగుతారు, ఓడ ఎటో తిరుగుతుంది. నాకు ముక్క అర్థం కాదు. మా ఆఫీసు సర్క్యులర్ ఇలా ఉంటే చింపి అవతల పారేసేవాణ్ణి. మీరు రాస్తే మాత్రం అర్ధరాత్రి దాకా టెన్షన్‌తో చదువుతాను. ఎవరి పని ఏమిటో అందరికీ తెలిసిన చోటు చూసి చాలా కాలమైంది మరి.

మిమ్మల్ని రాసేవాళ్ళలో పాట్రిక్ ఓబ్రియన్ కాస్త దయగల మనిషి. ఆయన ఒకే వరసగా రాసి పూర్తిచేసిన 20 నవలల్లోనూ ఓడ డాక్టరుకి ఓడ పని ఒంటబట్టదు. పాపం ఆయనకి ఎవరో ఒకరు విడమరిచి చెబుతుంటే పక్కన కూర్చుని మేమూ వింటాం.

కోతలు కోస్తారని తిడదామంటే అదీ కుదరట్లేదు. 1801లో బ్రిటిష్ నౌకాదళ అధికారి కాక్రేన్ నడిపిన స్పీడీ ఎంత చిన్న ఓడంటే, గదిలో తల పట్టక, పైకప్పు కిటికీ తీసి తల బయట పెట్టి గడ్డం గీసుకునేవాడట. ఒక వైపు ఫిరంగులన్నీ పేల్చే గుండ్లు తన కోటు జేబుల్లో పట్టేవని ఆయనే రాసుకున్నాడు. అలాంటి ఓడతో, 54 మందితో, 319 మంది ఉన్న స్పెయిన్ ఓడని పట్టేశాడు. అందరూ శత్రువు ఓడ మీదికి దూకితే చుక్కాని దగ్గర మిగిలింది డాక్టరు ఒక్కడే. ఇది నవలలో రాస్తే నేనే నమ్మేవాణ్ణి కాదు.

మీరు మింగేసే లెక్క ఒకటుంది. 1808కి ముందు బ్రిటిష్ నౌకాదళంలో, పట్టుకున్న శత్రువు ఓడ సొమ్ము ఎనిమిది వాటాలైతే మూడు కెప్టెన్‌వి. ఆయన అడ్మిరల్ ఆజ్ఞ మీద వెళ్ళి ఉంటే అందులో ఒకటి అడ్మిరల్‌కి. రెండు వాటాలు మామూలు కళాసీలందరికీ కలిపి. వాళ్ళలో చాలామందిని రేవుల్లో బలవంతాన పట్టుకొచ్చారు. కష్టం ఒకడిది, సొమ్ము ఇంకొకడిది. మీరేమో కెప్టెన్ గదిలో కాఫీ వాసన చూపించి మమ్మల్ని మాయ చేస్తారు.

ఇక ఊరి తరఫున ఒక ఫిర్యాదు. 1801 జూలైలో, కాక్రేన్ నడుపుతున్న ఆ స్పీడీని పట్టుకున్నది ఫ్రెంచి అడ్మిరల్ లినువా దళం. ఆ పెద్దమనిషి 1804 సెప్టెంబరు 15న మా విశాఖకే వచ్చాడు. 74 ఫిరంగుల మరెంగో అనే ఓడ, వెంట రెండు ఫ్రిగేట్లు (అంతకన్నా చిన్న, వేగంగా వెళ్ళే యుద్ధనౌకలు). ఇక్కడ లంగరేసి ఉన్న ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్‌వి 50 ఫిరంగులు. దాని కెప్టెన్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు! కాల్పులు మొదలయ్యాక పడవెక్కి ఓడ చేరుకున్నాడు. ఒక వర్తక ఓడ ఒడ్డుకు తన్నుకుని పగిలింది, ఇంకోదాన్ని ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు, సెంచూరియన్ మాత్రం చిక్కలేదు.

కథకి ఇంతకన్నా ఏం కావాలండీ? వచ్చే నవల ఇక్కడ మొదలుపెట్టండి. కెప్టెన్ గదిని కాసేపు మూసి, ఒడ్డున వల పక్కన పడేసి ఇదంతా చూసిన జాలరి వైపు నుంచి చెప్పండి. ఐడియా నాది కాబట్టి ఎనిమిదో వంతు నాకు పంపండి, అడ్మిరల్ లెక్కన.

ఇట్లు,
ఓడ ఎక్కితే వాంతులయ్యే మీ అభిమాని